చెక్కు రాసేది నేను కాదన్నయ్యా

అన్నయ్యా,

నీ మెసేజ్ వచ్చి మూడు వారాలైంది. ఫోన్‌లో చెబితే సగం విని "సరేలే, కుదరదన్నమాట" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. మీ ట్రస్టుకి మా ఫౌండేషన్ నుంచి ఏమైనా ఇప్పించమన్నావు కదా, అసలు ఇక్కడ డబ్బు ఎలా కదులుతుందో ముందు విను. కోప్పడేది తర్వాత కోప్పడుదువుగాని.

మా ఫౌండేషన్ అంటే ఒక కుటుంబం. పెద్దాయన వ్యాపారం అమ్మేసినప్పుడు కొంత సొమ్ము విడిగా పెట్టాడు. ఆయన పిల్లలిద్దరూ, ఒక మనవరాలూ, బయటి లాయరొకాయనా బోర్డు. ఉద్యోగులం ఇద్దరమే. అమెరికాలో ఇలాంటివాటిని ప్రైవేట్ ఫౌండేషన్లంటారు. 1969లో వచ్చిన పన్ను చట్టం వీటికి బాగానే ముకుతాడు వేసింది. పన్ను మినహాయింపు తీసుకుని సొమ్ము మీద కూర్చుంటే ఊరుకోదు. పెట్టుబడుల సగటు విలువలో 5 శాతం లెక్కగట్టి, మరుసటి ఏడాది ఆఖరుకల్లా పంచెయ్యాలి. పంచనిదాని మీద 30 శాతం పన్ను పడుతుంది. గ్రాంట్ల పని చేసేవాళ్ల జీతాలు కూడా ఆ 5 శాతంలోకే వస్తాయి. ఇది ఇక్కడ చాలామందికి మింగుడుపడదు. నా జీతమూ అందులోదే గానీ, నాకూ పూర్తిగా నచ్చదు.

ఎవరికివ్వాలన్నది కుటుంబం ఇష్టం. చాలా ఫౌండేషన్లు తాము పిలిస్తే తప్ప దరఖాస్తే తీసుకోవు. మావాళ్లు నయం, రెండు పేజీల ఉత్తరం ఎవరు పంపినా చదవమంటారు. చదివేది నేనే. ఆ సంస్థకి 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థన్న గుర్తింపు ఉందో లేదో ఐఆర్ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) జాబితాలో చూస్తాను. వాళ్లు ఆ శాఖకి దాఖలు చేసిన లెక్కల పత్రం, ఫారం 990, తెరిచి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో, రేపు ఒక దాత మానేస్తే ఎన్ని నెలలు నిలబడగలరో చూస్తాను. ఆ తర్వాత వెళ్లి కలుస్తాను. తిరిగొచ్చి బోర్డుకి మూడు పేజీల నోటు రాస్తాను. నా పని అంతవరకే.

బోర్డు ఏడాదికి రెండుసార్లు కూర్చుంటుంది. పెద్దకొడుకు ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేస్తాడు: "మనం ఇవ్వకపోతే ఏమవుతుంది?" వినడానికి మామూలుగా ఉంటుంది గానీ ఎటు తిరిగినా ఇరికిస్తుంది. మూతపడుతుందని రాస్తే మునిగే పడవలో డబ్బెందుకంటారు. ఏమీ కాదని రాస్తే మరి మనమెందుకంటారు. మొదటి ఏడాది నేను రెండు వైపులా దెబ్బతిన్నాను. ఇప్పుడు ఆ ప్రశ్న నేనే ముందుగా సంస్థలవాళ్లని అడుగుతున్నాను. ఒకావిడ కాసేపాలోచించి, "సాయంత్రం క్లాసు పోతుంది, పగటిది ఉంటుంది. సాయంత్రం వచ్చేవాళ్లు పగలు రాలేరు," అంది. ఆ మాటలు యథాతథంగా నోటులో పెట్టాను. పది నిమిషాల్లో తేలిపోయింది.

నాకు మావాళ్లతో ఉన్న తగాదా వేరు. క్లాసుకి డబ్బిస్తారు, అది జరిగే గది అద్దెకీ లెక్కలు రాసేవాళ్లకీ ఇవ్వమంటే ముఖాలు ముడుచుకుంటారు. దీపం కావాలి, నూనె ఖర్చు అక్కర్లేదన్నట్టు. మూడేళ్లు పోరితే ఈసారి ఒక్క సంస్థకి, మీ ఇష్టమొచ్చినట్టు వాడుకోండని రెండేళ్లకి ఇచ్చారు. ఏడాది చివర పంపే రిపోర్టు కూడా నాలుగు పేజీలకి తగ్గించగలిగాను.

ఇక మీ సంగతి. ఫౌండేషన్ డబ్బు సొంతవాళ్లకి చేరకూడదని చట్టం గట్టిగా చెబుతుంది. విచిత్రమేమిటంటే ఆ సొంతవాళ్ల లెక్కలో తోబుట్టువులు లేరు! కానీ మా ఆఫీసు నియమం అంతకంటే కఠినం: చుట్టరికం బయటపెట్టి, ఆ చర్చ జరిగినంతసేపూ నేను బయట కూర్చోవాలి. అది పెద్ద అడ్డేం కాదు. అసలు చిక్కు విదేశీ సంస్థ కావడం. మీరు ఇక్కడి ధార్మిక సంస్థతో సమానమని నిపుణుల చేత తేల్చుకోవాలి. లేదంటే ముందు విచారణ చేసి, ఒప్పందం రాసుకుని, మీ దగ్గర రిపోర్టులు తీసుకుని, ఆ ఖర్చంతా ఐఆర్ఎస్‌కి చెప్పాలి. ఇద్దరున్న ఆఫీసులో ఇంత పని ఎవరు నెత్తినేసుకుంటారు? మావాళ్లు ఇంతవరకు దేశం దాటి ఇవ్వలేదు.

మీ వైపు, ఇండియాలో, విదేశీ విరాళాల మీద 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ఉంది. అందులో రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా మీరు పైసా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, వచ్చింది ఇంకో సంస్థకి మళ్లించకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న స్నేహితుల ద్వారా తెప్పిద్దామన్నావే, అందుకే వద్దంటున్నాను.

నేను చెయ్యగలిగింది ఒకటుంది. ప్రతి ప్రైవేట్ ఫౌండేషనూ ఏటా 990-పీఎఫ్ అనే లెక్కల ఫారం ఐఆర్ఎస్‌కి దాఖలు చెయ్యాలి. ఎవరికెంత ఇచ్చారో పేరుపేరునా అందులో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. దరఖాస్తులు తీసుకోనివాళ్లు ఆ ముక్కా అందులోనే టిక్కు పెట్టి చెబుతారు. రెండు ఆదివారాలు కూర్చుని, ఇండియాకి ఇప్పటికే ఇస్తున్నవాళ్లలో చదువు మీద ఆసక్తి ఉన్నవాళ్లని ఏరి పంపుతాను. ఈలోగా మీ మూడేళ్ల ఆడిట్ లెక్కలు, ట్రస్టీల జాబితా, రిజిస్ట్రేషన్ ఎక్కడిదాకా వచ్చిందో ఆ కాగితం పంపించు. డబ్బు రాకపోతే ఏం ఆగిపోతుందో కూడా నాలుగు వాక్యాల్లో రాయి. లెక్కలు మాత్రం వదిన్ని పంపమను. నిన్నడిగితే వచ్చే ఏడాదికి వస్తాయి.

నీ చెల్లి