పెద్ద కొడుకు లోపలికి వెళ్ళాడా?

దేవరకొండ,
ఆదివారం సాయంత్రం

బిడ్డా,

నువ్వు, కోడలు, పాప బాగున్నారని తలుస్తాను. పత్తి రెండో తీత అయింది. నీ ఫోన్ లేకపోతే డ్యూటీ ఎక్కువుందేమో అనుకున్నా. చిన్నోడు ఇంట్లో ఉన్నంతకాలం నువ్వు గడప తొక్కనన్నావని కొండమల్లేపల్లి పిన్ని అంటోంది. నేను నమ్మలేదులే. పరగడుపున టీ తాగకు, గ్యాస్ పడుతుంది.

ఇయ్యాల చర్చిలో అయ్యగారు లూకా 15వ అధ్యాయం చెప్పారు. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, తప్పిపోయిన కొడుకు. ఆస్తిలో వాటా తీసుకుపోయి తగలేసిన చిన్నోడు తిరిగొస్తే తండ్రి విందు చేస్తాడు, ఇంటిపట్టునే ఉండి పనిచేసిన పెద్దోడికి కోపమొస్తుంది, ఆ కథ. యేసయ్య పాపులతో కలిసి తింటున్నాడని సణిగిన పరిసయ్యులు, శాస్త్రులనే ఆనాటి మతపెద్దలకు చెప్పిన ఉపమానాలవి. యేసయ్య వాళ్ళను ఎదురు తిట్టలేదు, కథ చెప్పాడు. కథలో మనిషికైతే మనం తొందరగా తీర్పు చెప్పేస్తాం, తీరా అది మన మీదికే వస్తుంది. ఇంకొకడి భార్యను తీసుకున్న దావీదు రాజుకు నాతాను ప్రవక్త, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్పి, "ఆ మనుష్యుడవు నీవే" అన్నది కూడా అట్లనే.

ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద చెరువుకట్ట అవ్వ అయ్యగారిని పట్టుకుంది. "పెద్దోడు కోపంతో బయటే నిలబడ్డాడు, తండ్రి బతిమాలిండు. ఇంతకీ లోపలికి పోయిండా లేదా?" అని. అయ్యగారు నవ్వి, "యేసయ్య కథను అక్కడితో ఆపేశాడమ్మా" అన్నారు. అవ్వ ఊరుకుంటుందా! "అట్లెట్ల ఆపుతడు?" అంది. పిన్ని "కొవ్విన దూడను కోస్తే పోకుండా ఉంటడా" అంది. ఇంకొకామె, "ఇన్నేండ్లు చాకిరీ చేస్తే మేకపిల్ల కూడా ఇయ్యలేదన్నడు గదా, ఎందుకు పోవాలె?" అని లేచింది. అన్నం వేళ దాటింది, తగువు తెగలేదు. సణిగినవాళ్ళే తేల్చుకోవాలని యేసయ్య వదిలేశాడని నాకనిపించింది.

నీ గురించి చెప్తున్నానని కాదు. బోరు అప్పు కట్టింది నువ్వే, నాయిన ఆపరేషన్‌కు నిలబడింది నువ్వే. ఆ కథలో పెద్దోడి బాధ అబద్ధమని తండ్రి అనలేదు, "నావన్నీ నీవి" అన్నాడు. చిన్నోడికి ఎదురు పరుగెత్తాడు, పెద్దోడి కోసమూ గడప దాటి వచ్చాడు. అన్నదమ్ములన్నాక పట్టింపులు ఉంటాయి, కానీ ఎన్నాళ్ళు... సరే, వదిలెయ్.

చిన్నోడు మందు ముట్టడం లేదు, పొద్దున్నే చేనుకు పోతున్నాడు. వాడొచ్చిన రోజు పప్పుచారే పెట్టాను. నాటుకోడి నీకోసమే ఉంది. శనివారం వస్తే ముందు ఫోన్ చెయ్యి. రాత్రి బస్సు ఎక్కకు, పాపకు స్వెట్టర్ మర్చిపోకు.

మీ అమ్మ