ఆ కారు ముందు చక్రం మధ్యలో నట్టు లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం మీ జిల్లా పేజీలో పిల్లలు సొంతంగా కట్టిన కారు గురించి వేశారు కదా, దాని గురించే రాస్తున్నా. తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు రాస్తారులే అని నాలుగు రోజులు ఆగాను, ఎవరూ రాయలేదు. ఆ పిల్లల మీద నాకేం కోపం లేదండీ, ఆ వయసులో ఫ్రేము వెల్డింగ్ చేసి బండి నడిపించారంటే మాటలు కాదు. నా బాధంతా వార్త మీదే. లీటరుకి ఎంత ఇస్తుంది, ఎంత స్పీడు పోతుంది, ఎంత ఖర్చయింది, ఎవరెవరు వచ్చి అందులో కూర్చుని ఫొటో దిగారు, అన్నీ రాశారు. ఆగుతుందా అని మాత్రం ఒక్క ముక్క లేదు. చక్రాలు దేనికి బిగించారు, బ్రేకులు ఏ బండివి అని అడగాలని అంతమందిలో ఒక్కరికీ తోచలేదా?

ఆ ఫొటో నేను భూతద్దం పెట్టి చూశాను. బైకు ఇంజను వెనకాల పెట్టారు, ముందువి మారుతీ 800 కారు నకిళ్ళు (చక్రాన్ని మోస్తూ స్టీరింగుతో పాటు తిరిగే ఇనుప ముక్కలు), హబ్బులు (చక్రం బిగించే మధ్య దిమ్మలు). ఆ ఎంపిక తప్పు కాదు, విజయవాడ ఆటోనగర్ స్క్రాపులో వెతికితే దొరుకుతాయి, బేరింగులు దొరుకుతాయి, డిస్కులు దొరుకుతాయి. కానీ ముందు చక్రం మధ్యలో నట్టు ఉండాల్సిన చోట ఖాళీ కన్నం కనపడుతోంది. అది చూసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

800లో ఇంజను తిప్పేది ముందు చక్రాల్నే. ఇంజను శక్తిని చక్రానికి మోసే ఇనుప కడ్డీని డ్రైవ్ షాఫ్ట్ అంటాం, దాని చివర ముక్క హబ్బులోంచి బయటికొస్తుంది, దానికి పెద్ద నట్టు బిగిస్తారు. అది చక్రం తిప్పడానికే అనుకుంటారు అందరూ, కాదు, హబ్బునీ బేరింగుల్నీ కలిపి నొక్కి పట్టుకునేది కూడా అదే. ఇంజను వెనక్కి పోయింది కదా ముందు షాఫ్టుతో పనేంటని మొత్తం పీకేస్తే, షెడ్డులో చక్రం చక్కగానే తిరుగుతుంది, నాలుగు రోజులు రోడ్డు మీద కూడా బాగానే ఉంటుంది, మలుపుల్లో పక్కనుంచి లోడు పడేకొద్దీ హబ్బు కొంచెం కొంచెం జరిగి ఒకరోజు చక్రంతో సహా ఊడి బయటికొస్తుంది. షాఫ్టు కోసి పారేసినా ఆ చివరి జాయింటు ముక్క హబ్బులోనే ఉంచి, కంపెనీ చెప్పినంత బిగువుకి (టార్కు) నట్టు బిగించి లాక్ చేయాలి. ఇంతే పని.

నాకెలా తెలుసంటే, 1997లో మా బావమరిదీ నేనూ ఇలాగే ఒక బగ్గీ (పైకప్పు లేని చిన్న కారు) కట్టాం, ఇలాగే షాఫ్టులు పీకేశాం. మాకు హబ్బులు అమ్మినవాడూ చెప్పలేదు, బేరింగులు ఎక్కించిన లేతు షాపువాడూ చెప్పలేదు. మూడో వారం కాలవ కట్ట మీద ఎడమ చక్రం మా కళ్ళ ముందే విడిపోయి నీళ్ళలో పడింది. మా బావమరిదికి భుజం ఎముక విరిగింది. ఎదురుగా స్కూలు పిల్లల సైకిళ్ళు వస్తున్నాయి, ఇంకో పది గజాలు ముందుకి పోయుంటే ఏమయ్యేదో ఇప్పటికీ తల్చుకోలేను.

ఇంకో సంగతి, 800 నకిల్ పైభాగం స్ట్రట్టు (స్ప్రింగూ షాకబ్సార్బరూ కలిసిన కంబం) బిగించుకోవడానికి చేసింది, బాల్ జాయింటు (అన్ని వైపులా తిరిగే గుండు కీలు) కిందే ఉంటుంది. దాన్ని పైనొకటి కిందొకటి ఆర్ములు (చక్రాన్ని పట్టుకునే చేతులు) ఉన్న సస్పెన్షన్‌కి వాడాలంటే పైన ఒక బ్రాకెట్ చేసి బోల్టులతో బిగించాలి. చాలామంది నేరుగా నకిల్‌కే వెల్డింగ్ కొట్టేస్తున్నారు. పోత ఇనుముకి అలా వెల్డింగ్ చేస్తే పక్కన పెళుసుబారి, గుంతలో పడ్డప్పుడు అక్కడే విరుగుతుంది.

బ్రేకుల సంగతికొస్తే, 800 ఖాళీ బరువు 650 కిలోల దగ్గర, అందులో ఎక్కువ ముందే ఉంటుంది, అందుకే ముందు డిస్కులు, వెనక చిన్న డ్రమ్ములు ఇచ్చారు. ఇంజను వెనక్కి మారిస్తే బరువూ వెనక్కి పోయింది కదా, ఆ బ్రేకులే యథాతథంగా పెడితే ముందు చక్రాలు తొందరగా లాక్ అయి (తిరక్కుండా బిగుసుకుపోయి) స్టీరింగ్ పనిచేయదు. పోనీ అని వెనక మరీ ఎక్కువ పెంచితే బండి గిర్రున తిరుగుతుంది. క్యాలిపర్లు (డిస్కుని నొక్కి పట్టేవి) ఒక బండివి, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని నెట్టేది) ఇంకో బండిది కలిపితే పెడల్ రాయిలా అన్నా ఉంటుంది, నేలదాకా అన్నా పోతుంది. అందుకే నకిల్, హబ్బు, డిస్కు, క్యాలిపర్ ఒకే బండివి తీసుకుని, మాస్టర్ సిలిండర్ మాత్రం లెక్క చూసి పెట్టుకోమంటాను. ఇంజనీరింగ్ పిల్లలు సొంతంగా బండి కట్టి నడిపే బాహా పోటీల్లో బ్రేకులకి రెండు వేరే వేరే సర్క్యూట్లు (ఆయిల్ లైన్లు) ఉండాలి, పరిగెత్తించి తొక్కితే నాలుగు చక్రాలూ లాక్ అవ్వాలి, లేకపోతే ట్రాక్ మీదకే రానివ్వరు. ఆ కాలేజీల్లో అడిగినా చెప్పేవాళ్ళు.

బ్రిటన్లో 1957లో లోటస్ సెవెన్ వచ్చిన దగ్గర్నుంచీ జనం ఇంట్లో కార్లు బిగించుకుంటున్నారు, ఒక్కొక్కటిగా కట్టిన బండికి 1998 నుంచీ అక్కడ విడిగా టెస్టు ఉంది, బ్రేకులూ స్టీరింగూ చూశాకే నంబరు ఇస్తారు. మన దగ్గర ఏముంది? కేంద్ర మోటారు వాహనాల రూల్ 126 అంటారు, పెద్ద కంపెనీలు ప్రోటోటైపు (నమూనా బండి) తీసుకెళ్ళి ఏఆర్ఏఐ లాంటి బండ్ల పరీక్షా సంస్థలో టెస్ట్ చేయించుకోవడానికి రాసింది అది, షెడ్డులో ఒక్క బండి కట్టుకున్నవాడు ఎక్కడికి పోతాడు? మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో ఒకాయన సొంతంగా కట్టిన బండి చూసి ఆనంద్ మహీంద్రా గారే 2021లో అన్నారు, ఇది రూల్స్‌కి ఒప్పదు, ఇవాళో రేపో అధికారులు ఆపేస్తారని, చివరికి దానికి బదులు బొలెరో ఇచ్చారు. మన అధికారులు మాత్రం రిబ్బను కట్ చేసి, శాలువా కప్పి, పిల్లల్ని పొగిడి వెళ్ళిపోతారు, రేపు అదే బండి రోడ్డు మీద కనపడితే సీజ్ చేస్తారు. ఈ రెండింటి మధ్య ఒక్కడైనా వంగి చక్రం పట్టుకుని ఊపి చూడడా? ఒక్క ఇన్‌స్పెక్టర్‌కి అరగంట పని అది. మీ విలేకరులైనా ఇలాంటి వార్త రాసేటప్పుడు పక్కన ఒక మెకానిక్‌ని పెట్టుకోండి, దయచేసి.

ఆ పిల్లలకి ఫోన్ చేసి నా నంబరు ఇవ్వండి, మీ ఆఫీసులో చెప్పి ఉంచాను. బండి ట్రాలీ మీద వేసుకుని మా షెడ్డుకి తీసుకురమ్మనండి, ఆ జాయింటు ముక్కలు రెండు నా దగ్గరే ఉన్నాయి, నేనే బిగించి ఇస్తాను, డబ్బులేమీ వద్దు. అప్పటిదాకా దాన్ని ఊళ్ళో తిప్పొద్దని ఈరోజే చెప్పండి.

ఇట్లు,
ఒక పాత మెకానిక్, విజయవాడ