హెడ్డు దింపితే పాత టైమింగ్ బెల్టు మళ్లీ ఎక్కించొద్దు

సంపాదకులకు,

భీమవరం, నరసాపురం, రాజోలు వైపు చెరువుల ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. కూలెంట్‌కు బదులు ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తూ ఉంటే వాటర్ పంపు రెక్కలు తినేసుకుపోతాయి, ఇంజిన్ వేడెక్కుతుంది, హెడ్డు కింద సీలులా ఉండే గ్యాస్కెట్ పోతుంది, చివరికి వాల్వులుండే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు, దింపాల్సి వస్తుంది. అంత ఖర్చుపెట్టి ఫేసింగ్ (హెడ్డు అడుగు చదును చేయడం), వాల్వు లాపింగ్ (వాల్వులు సరిగ్గా కూర్చునేలా రుద్దడం) చేయించాక, ‘చూడ్డానికి బాగానే ఉంది కదా’ అని పాత టైమింగ్ బెల్టునే తిరిగి ఎక్కిస్తున్నారు. పిస్టన్లు తిప్పే క్రాంక్‌ను, వాల్వులు తెరిచే క్యామ్‌ను లయ తప్పకుండా కలిపి తిప్పేది ఈ బెల్టే. దయచేసి ఇది మానండి.

బెల్టు సత్తువ రబ్బరులో లేదు, లోపలున్న గాజు పీచు దారాల్లో ఉంది. మడిచినా మెలిపెట్టినా అవి లోపలే తెగుతాయి, పైకి ఏమీ కనిపించదు. అందుకే కంపెనీ మాన్యువల్‌లో కిలోమీటర్లతోపాటు ఏళ్ల గడువు కూడా ఇస్తారు, ఏది ముందొస్తే అది. తక్కువ తిరిగిన కారైనా ఏళ్లు నిండితే బెల్టు మార్చాల్సిందే.

ఇన్నోవా 2.5 డీ-4డీ, డస్టర్ 1.5 డీసీఐ, పాత ఇండికా డీజిల్ బెల్టు ఇంజిన్లు. స్విఫ్ట్ 1.3 డీడీఐఎస్, క్రిస్టా 2.4 చైనువి, వాటి సంగతి వేరు. బెల్టు డీజిల్ నడుస్తుండగా బెల్టు తెగినా, కొన్ని పళ్లు జారినా, వాల్వు తెరిచి ఉండగానే పిస్టన్ పైకొచ్చి గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టనూ పోతుంది. చేయించిన హెడ్డు పని మళ్లీ మొదటికొస్తుంది.

బెల్టు ఒక్కటే మార్చినా చాలదు. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, దానికి దారి చూపే ఐడ్లర్ బేరింగులు కూడా అన్నే కిలోమీటర్లు తిరిగాయి. చేత్తో తిప్పితే గరగరమన్నా, అటూ ఇటూ ఆడినా వాటి ఆయుష్షు అయిపోయినట్టే. బేరింగు పట్టేస్తే కొత్త బెల్టునూ తెంపేస్తుంది. డస్టర్‌లోలా వాటర్ పంపు ఇదే బెల్టుతో తిరిగే ఇంజిన్లలో పంపు కూడా ఇప్పుడే మార్చాలి. ఆర్నెల్లకు అది కారితే మళ్లీ కవర్లు, మౌంటు, బెల్టు అన్నీ విప్పాలి, అదే కూలీ రెండోసారి. క్యామ్ సీలు, క్రాంక్ ముందు సీలు చవకైనవి. వాటిని వదిలేస్తే ఆయిల్ చెమ్మ పట్టి రబ్బరు మెత్తబడి పళ్లు ఊడతాయి. క్రాంక్ పుల్లీ బోల్టు ఒకసారి బిగిస్తే సాగిపోయే రకమైతే కొత్తదే వేయాలి.

లేత్‌లో ఫేసింగ్ చేయిస్తే ఇంకో చిక్కుంది. హెడ్డు మందం తగ్గిన మేరకు క్యామ్ క్రాంక్‌కు దగ్గరవుతుంది, బెల్టు వదులవుతుంది. ఆ వదులును సరిదిద్దే జాగా అరిగిన టెన్షనర్‌లో ఉండదు. డీజిల్‌కు గ్యాస్కెట్ మందం కూడా పిస్టన్ బ్లాకు పైకి ఎంత వస్తోందో కొలిచి ఎంచాలి, అందాజాగా కాదు.

ఎక్కించేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. పెయింటు గుర్తులను నమ్మకుండా, ఆ ఇంజిన్‌కు చెప్పిన క్యామ్, క్రాంక్ పిన్నులు పెట్టండి. పిన్ను ఉన్నది స్థానం చూపడానికే. దాన్ని ఆనించి పుల్లీ బోల్టు విప్పితే పిన్ను విరుగుతుంది, లేదా క్యామ్ దెబ్బతింటుంది. పుల్లీని విడిగా పట్టే టూలు వాడాలి. బెల్టు మీది బాణం గుర్తు తిరిగే దిక్కుకే ఉండాలి. పుల్లీల మీది పాత ఆయిల్ తుడిచి ఆరబెట్టండి, కొత్త బెల్టును మాత్రం పెట్రోలు, డీజిల్‌తో ముట్టుకోవద్దు. టెన్షనర్ బోల్టుకు, ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచి తప్పనిసరి. బెల్టు బిగువు ఎక్కువైతే అది కూస్తుంది, బేరింగు త్వరగా పోతుంది. తక్కువైతే పళ్లు జారతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, పిన్నులు తీసేసి క్రాంక్‌ను ఇంజిన్ తిరిగే దిక్కులోనే స్పానరుతో రెండు చుట్లు తిప్పడం. క్రాంక్ రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది. ఆ తర్వాత పిన్నులు మళ్లీ సునాయాసంగా దూరాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలినట్టనిపిస్తే అక్కడే ఆగాలి. సెల్ఫ్ కొట్టి చూద్దామనుకుంటే వాల్వులు పోగొట్టుకున్నట్టే. చివరగా బోరు నీళ్లు కాకుండా కంపెనీ చెప్పిన కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా ఓపిగ్గా ఇంజిన్ ఆడించండి.

ఓనర్లకు ఒక మనవి. బిల్లులో బెల్టు, టెన్షనర్, పంపు, సీళ్లు విడివిడిగా రాయించుకోండి, పాత సామాను అడిగి తీసుకోండి. తేదీ, కిలోమీటర్లు రాసిన స్టిక్కరు టైమింగ్ కవరు మీద అంటించమనండి. సెకండ్ హ్యాండ్ కారు కొంటే, ఆ రికార్డు లేకపోతే బెల్టు ఎన్నడూ మార్చలేదనుకునే మార్చేయండి.

ఇట్లు,
కొందరు కారు మెకానిక్‌లు,
పాలకొల్లు.