ఏడడుగులకు ఏడు నిమిషాలైనా ఉంచండి

ఎడిటర్ గారికి,

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఫంక్షన్ హాళ్లలో జరిగే లగ్గాలకు ఈ మధ్య ఒక వరస పడింది. తలువాలు (తలంబ్రాలు) పోసుకోవడం అయిందో లేదో కట్నాల చదివింపు, ఫొటోలు మొదలవుతాయి. చుట్టాలు స్టేజీ కింద దాకా లైన్ కడతారు. రెండు గంటలు గడిచాక, సగం మంది తిని వెళ్లిపోయాక, పళ్లెంలో కర్పూరం వెలిగించి ఏడడుగులు అయ్యాయనిపిస్తారు. కొన్ని చోట్ల అదీ లేదు.

1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ఏం చెబుతున్నదో చాలామందికి తెలియదు. సప్తపది ఆచారంగా ఉన్న పెళ్లిలో ఏడో అడుగు వేసినప్పుడే పెళ్లి పూర్తయినట్టు. సప్తపది లేని కులాచారాలు ఉన్నవారికి వారి ఆచారమే చాలు. ఏ తంతూ జరగకుండా చేతికొచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే పెళ్లి కాబోదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో తేల్చింది.

ఇంకో పొరపాటు టీవీ సీరియళ్ల నుంచి వచ్చింది. ఏడడుగులంటే అగ్ని చుట్టూ ఏడుసార్లు తిరగడం అనుకుంటున్నారు, కెమెరా వాళ్లు కూడా ‘ఇంకో రౌండ్’ అంటున్నారు. అది ఉత్తరాది వాళ్ల పద్ధతి. మన దగ్గర ఎక్కువమంది పాటించే ఆపస్తంబ గృహ్యసూత్రం (ఇంటి శుభకార్యాల తంతులు చెప్పే పాత గ్రంథం) ప్రకారం, అగ్నికి ఉత్తరాన పెళ్లికూతురు కుడికాలితో తూర్పుకో ఉత్తరానికో ఏడడుగులు వేయాలి. ‘ఏకమిషే’ అని మొదటిది అన్నం కోసం, రెండోది బలం కోసం, మూడోది వ్రతం కోసం, నాలుగోది సుఖం కోసం, అయిదోది పశువుల కోసం, ఆరోది రుతువుల కోసం, ఏడోది యజ్ఞం కోసం. ప్రతి అడుగుకూ విష్ణువు నీ వెంట నడవాలని వరుడు అంటాడు. ఏడో అడుగు పడ్డాక ఆమెను ‘సఖా’ అని పిలుస్తాడు, అంటే నేస్తమని. మంత్రం, అర్థం కలిపి చెప్పినా ఏడు నిమిషాలకు మించదు. అగ్ని చుట్టూ తిరిగేది లాజహోమంలో, అదీ మూడుసార్లే.

లాజలంటే వేయించితే పేలిన వడ్లు. సామాను చీటీలో ‘పేలాలు’ అని మాత్రమే రాస్తే కిరాణం షాపులో జొన్న పేలాలో మరమరాలో కట్టిస్తారు. ‘వడ్ల పేలాలు, పావుకిలో’ అని రాసి, తెచ్చాక పొట్టు చెరగండి. వాటిని పెళ్లికూతురు దోసిట్లో పోయాల్సింది ఆమె అన్నో తమ్ముడో. తీరా ఆ సమయానికి అతను వడ్డన దగ్గర ఉంటాడు! ముందే చెప్పి కూర్చోబెట్టండి.

జీలకర్ర బెల్లం గృహ్యసూత్రాల్లో లేదు, తెలుగువాళ్ల ఆచారం. అయినా పత్రికలో అచ్చువేసిన సుముహూర్తం దానిదే, పుస్తె కట్టేది కాదు. రెండు పిడికిళ్ల జీలకర్రను పొడిగా దంచి, అంతే మెత్తటి బెల్లం కలిపి నూరితే ముద్ద కడుతుంది, తమలపాకు మీద నిలుస్తుంది. మిక్సీలో నీళ్లు పోసి తిప్పితే పాకమై నొసటి మీదికి కారుతుంది. మేకప్ ఆమె వచ్చి తుడిచేలోగా ముహూర్తం దాటుతుంది. అడ్డుతెర కూడా అప్పటిదాకా దించకూడదు. ఒకరినొకరు చూసుకోవాల్సిన ఘడియ అదే (ప్రీ వెడ్డింగ్ షూట్ సంగతి వదిలేద్దాం).

తలువాలకు థర్మకోల్ గుండ్లు తేవద్దు. ఫ్యాను గాలికి హోమగుండంలో పడి కరిగి, కళ్లు మండే పొగ లేస్తుంది. నూకలు లేని బియ్యం రెండు కిలోలు, చెంచాడు నెయ్యి, పసుపు చాలు. అక్షతలంటే విరగనివనే కదా అర్థం. పసుపును నీళ్లతో కలిపితే బియ్యం ముద్దలై పట్టుబట్టలకు మరకలంటుతాయి.

కార్పెట్ కాలుతుందని హాలు వాళ్లు హోమానికి ఒప్పుకోకపోతే, ఇటుకలు పరిచి, పైన రెండు వేళ్ల మందం ఇసుక పోసి, దాని మీద ఇనుప గుండం పెట్టమనండి. పక్కన బకెట్‌లో ఇసుక ఉంచండి. హాలు మాట్లాడుకునే రోజే ఈ సంగతి తేల్చుకోవాలి.

తప్పంతా ఫొటోగ్రాఫర్ల మీద వేయలేం. ఒకే పూట రెండు లగ్గాలు ఒప్పుకుని, రెండో హాలుకు పరుగెత్తే పురోహితులు మాలోనే ఉన్నారు. జీలకర్ర బెల్లం నుంచి సప్తపది దాకా గంటంబావు కావాలి. లగ్నపత్రిక మీద సుముహూర్తం కింద ‘సప్తపది’ అని ఇంకో టైము కూడా అచ్చువేయించండి. కట్నాల చదివింపు ఆ తర్వాతే పెట్టుకోండి. చుట్టాలు ఏడో అడుగు దాకా కూర్చుంటారు, ఆకలైనవాళ్లు తినొస్తారు.

— పెళ్లిళ్లు చేయించే కొందరు పురోహితులు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా