పెట్టె మీద 7 సీఎఫ్‌ఎం, ట్యాంకులోకి అందులో సగం

చీమకుర్తి,
ప్రకాశం జిల్లా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఇంట్లో దుమ్ము కొట్టడానికి కొన్న 2 హెచ్‌పీ, 25 లీటర్ల ఎయిర్ కంప్రెసర్.

అయ్యా,

పెట్టె మీద 7 సీఎఫ్‌ఎం అని వేశారు. అంటే నిమిషానికి 7 ఘనపు అడుగుల గాలి, 198 లీటర్లు. 25 లీటర్ల ఖాళీ ట్యాంకులో ఒత్తిడి 8 బార్‌కు ఎక్కడానికి పట్టే గాలి 200 లీటర్లు కాబట్టి నిమిషంలో నిండాలి. డ్రెయిన్ కాక్ (ట్యాంకు అడుగున నీరు వదిలే కుళాయి), ఔట్‌లెట్ మూసి చూస్తే రెండు నిమిషాలు పట్టింది. మీరు వేసింది పిస్టన్ లాగే గాలి లెక్క. కొనేవాళ్లకు కావలసింది బయటికొచ్చే గాలి.

గాలి కొట్టే గన్‌కున్న 2 మి.మీ. నాజిల్ 6 బార్ దగ్గర సెకనుకు నాలుగు లీటర్లకు పైగా తాగుతుంది. 8 నుంచి 6కు దిగేలోపు ట్యాంకు ఇచ్చేది 50 లీటర్లే, పది పన్నెండు సెకన్ల పని. ఆపై అంతా మోటారు మీదే. ఇక్కడ ఇళ్లలో పడేది గ్రానైట్ పొడి. ఏసీ జాలీలో, సీపీయూ హీట్‌సింక్ సందుల్లో కరుచుకుంటుంది, ఆగి ఆగి కొడితే వదలదు. తక్కువ ధరలో ఎంచుకునేవాళ్లు ఆ ఒక్క అంకెనే నమ్ముతారు. నిజం వేసి ఉంటే 50 లీటర్ల ట్యాంకు తీసుకునేవాళ్లం.

ఇక యంత్రంలో లోపం. మోటారు ఆగాక, దాన్ని ఆపే ప్రెషర్ స్విచ్ కింద బుస్సుమనే శబ్దం ఒకటి రెండు సెకన్లలో ఆగాలి. ఇందులో ఆగదు. జాయింట్లన్నిటికీ సబ్బునీళ్లు పూశాం, ఎక్కడా బుడగ లేదు. గాలిని వెనక్కి పోనివ్వకూడని నాన్ రిటర్న్ వాల్వ్ సరిగా కూర్చోక ట్యాంకు గాలి స్విచ్‌కు వెళ్లే సన్న పైపులోంచి వెనక్కి పోతోంది. గన్ ముట్టకపోయినా మోటారు మళ్లీ మళ్లీ తిరుగుతోంది. మీ సర్వీస్ సెంటర్ వాళ్లు ఫోన్లోనే వోల్టేజీ తక్కువని తేల్చేశారు. 16 ఆంప్స్ సాకెట్లో, మోటారు తిరుగుతుండగా 224 వోల్టులు ఉంది. అయినా ఆగి ఉన్న మోటారు దగ్గర లీకుకు వోల్టేజీతో పనేముంది?

తీర జిల్లా గాలిని నొక్కితే ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. పని అయ్యాక డ్రెయిన్ కాక్ తిప్పాలని, కంప్యూటర్‌కు గాలిలోని నీటిని పట్టే వాటర్ ట్రాప్ పెట్టి, ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్‌ను 2, 3 బార్‌కు దించాలని, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకోవాలని మాన్యువల్లో ఒక్క ముక్క లేదు. పెట్టె మీద మాత్రం మదర్‌బోర్డు బొమ్మ ఉంది. తడి గాలి తగిలి బోర్డు పోతే ఎవరు ఇస్తారు?

15 రోజుల్లో ఇంటికి మెకానిక్‌ను పంపి వాల్వ్ ఉచితంగా మార్చండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి. ఇంత బరువు యంత్రాన్ని కొరియర్లో పంపమంటే ఒప్పుకోం. పెట్టె మీద 8 బార్ దగ్గర వచ్చే గాలి ఎంతో కూడా ముద్రించండి. జవాబు రాకుంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఒంగోలులో ఫిర్యాదు వేస్తాం.

బిల్లు, వారంటీ కార్డు నకళ్లు, లీకు వీడియో జతచేశాం.

ఇట్లు,
కొనుగోలుదారులు