చెరువు నీటి పరిశీలన: సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. ఎండలు ముదిరి నీరు తగ్గేకొద్దీ, మురుగుతోనూ పొలాల ఎరువులతోనూ చేరిన భాస్వరం, నత్రజని చిక్కబడి నాచు విజృంభిస్తుంది కనుక, మన బుక్కరాయసముద్రం చెరువు నీటిని ఇకపై వారం వారం పరిశీలిద్దాం. నీటి తేటదనాన్ని కొలిచే, నలుపు తెలుపు రంగుల 20 సెంటీమీటర్ల సెక్కీ బిళ్లను తాడుతో దించి, అది కనుమరుగయ్యే లోతును రాసుకోవాలి; నాచు పెరిగేకొద్దీ ఆ లోతు తగ్గుతుంది. వానల తరువాత బురద వల్ల కూడా ఆ లోతు తగ్గుతుంది కాబట్టి నీటి రంగునూ గమనించాలి. కరిగిన ఆక్సిజన్‌ను తెల్లవారుజామునే కొలవాలి, ఎందుకంటే రాత్రంతా నాచు కూడా దానిని వాడుకోవడంతో చేపలకు ప్రాణగండం ఆ వేళలోనే. ఒడ్డున పచ్చరంగు ఒలకబోసినట్టు తెట్టు కడితే దయచేసి పశువులను నీళ్లకు దించకండి; అది విషం చేసే నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు, ఆ విషం నీటిని మరిగించినా పోదు. మందు చల్లి నాచును చంపితే ఆ విషం ఒక్కసారిగా నీటిలో కలిసే ప్రమాదముంది కాబట్టి, ముందుగా మురుగు చెరువులో కలవకుండా చూడటమే మన పని అని నా గట్టి అభిప్రాయం.