వార్షిక నివేదిక: తొలినాటి మాయా చిత్రాల్లో రంగు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది అనంతపురంలో మన సంఘం ప్రదర్శనలూ తరగతులూ చాలావరకు ఒకే అంశం చుట్టూ సాగాయి. పాత సినిమా అంటే నలుపు తెలుపే అనుకుని టీవీలో రంగు సున్నాకు దించి చూసే సభ్యులు ఇంకా ఉన్నారు. మూకీ మాయా చిత్రాల (కెమెరా కిటుకులతో మాయలు చూపే సినిమాల) విషయంలో అది పొరపాటు. ఫ్రెంచ్ దర్శకుడు జార్జ్ మెలియే 1902లో తీసిన చంద్రయాత్ర చిత్రం ప్రింట్లు కొన్ని రంగుల్లోనే అమ్ముడయ్యాయి. ఆయన చిత్రాలకు పారిస్‌లో ఎలిజబెత్ తుయిలియే కార్ఖానాలోని మహిళలు కుంచెతో రంగు దిద్దేవారు, ఒక్కొక్కరు ఒక్క రంగే. రంగు నెగటివ్‌లో లేదు, ప్రింటు మీద పడింది. అందుకే ఒకే సినిమా రెండు ప్రింట్లు అచ్చం ఒకేలా ఉండవు.

చేతిరంగు తరగతిలో కష్టమంతా అంచుల దగ్గరే. 35 ఎం.ఎం. ఫ్రేము సుమారు 24 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. ఎత్తు. సెకనుకు 16 ఫ్రేముల చొప్పున నిమిషానికి 960 బొమ్మలు. ఫ్రేముకీ ఫ్రేముకీ అంచు జరిగితే తెరమీద రంగు చీమల్లా పాకుతుంది. తరగతిలో ఫిల్ముకు బదులు వాడే మామూలు ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద నీటిరంగు బొట్లుగా విడిపోతుంది. అసలు ఫిల్ము మీద జెలటిన్ పొర ఉంటుంది కాబట్టి ఇంకుతుంది. ఇంక్‌జెట్ షీటు పూత వైపు వాడండి. ముందు పసుపు, ఆరాక ఎరుపు, చివర నీలం. పోస్టర్ కలర్ వద్దు, వెలుగును ఆపి తెరమీద నల్లమచ్చగా కనబడుతుంది.

ఫ్రాన్స్‌లోని పాతే (Pathé) సినిమా కంపెనీ రంగుకొక స్టెన్సిల్ (రంగు పడాల్సిన చోట కోసిన అచ్చు ఫిల్ము) కోసేది. ఫిల్ము కుంచించుకుపోతే దాని అంచు రంధ్రాలు స్టెన్సిల్ రంధ్రాలతో కలవక రంగు పక్కకు జారుతుంది. టింటింగ్‌లో, అంటే ప్రింటు మొత్తానికి ఒకే రంగు పట్టిస్తే, తెల్లభాగాలకు రంగు పడుతుంది, నల్లవి నల్లగానే ఉంటాయి. టోనింగ్‌లో, అంటే బొమ్మలోని వెండినే రసాయనంతో రంగుగా మారిస్తే, నీడలు రంగు మారి తెలుపు మిగులుతుంది. ఈ తేడా తెలిస్తే ప్రింటు చూసి పద్ధతి చెప్పొచ్చు.

తాడిపత్రి బిడ్డ కె.వి.రెడ్డి 1957 'మాయాబజార్'ను నలుపు తెలుపుల్లో తీస్తే 2010లో కంప్యూటర్ రంగులద్దారు. అది అపచారమని సభ్యుల్లో సగం మంది వాదన. తుయిలియే చేసిందీ తీసిన తర్వాత అద్దడమే, కాకపోతే అది మెలియే బతికుండగా, ఆయన కోరి చేయించుకున్నది. తేడా అక్కడుంది.

జమాఖర్చులు విడిగా జతచేశాం. ఎక్కువ ఖర్చు షీట్లకే.

ప్రదర్శనల్లో ప్రొజెక్టర్ వివిడ్ మోడ్‌లో (రంగులు గాఢంగా చూపే అమరికలో) పెట్టొద్దు. లేత టింట్లు చిక్కబడి ముఖాలు కనబడవు. పాత టూరింగ్ టాకీస్ రీళ్లున్నవారు వాటిని నడిపించకండి. గులాబీకి తిరిగిన కలర్ రీలులో సాధారణంగా నీలి రంగు మొదట పోయి ఉంటుంది. వెనిగర్ వాసన వస్తే ఫిల్ము పాడవుతోందని అర్థం, ఆ డబ్బా మిగతావాటికి దూరంగా, గాలి ఆడే చల్లని చోట ఉంచి సంఘానికి తెలపండి.